వేలిముద్రలు చాలు! బటన్ మనమే నొక్కుదాం!

కర్నూలు, కడప జిల్లాల రైతులకు, కూలీలకు, డ్వాక్రా అక్కలకు, సుగ్గికి పోయే కుటుంబాలకు, గల్ఫ్‌లో బిడ్డలున్న తల్లులకు, పింఛను పెద్దలకు పిలుపు



ఆఫీసు మారిపోయింది. చూసినారా?

మునుపు తహసీల్దారు ఆఫీసులో బీరువా ఉండేది. బీరువాలో కాగితం ఉండేది. కాగితం మీద మన పేరు ఉండేది. గుమస్తా కసిరినా, రేపు రమ్మన్నా, మన కాగితం యాడుందో మనకు తెలిసేది. ఇప్పుడు అడంగల్ కంప్యూటర్లో! 1-బి కంప్యూటర్లో! రేషన్ కార్డు, పింఛను, పంట నమోదు, పిల్లోడి ఫీజు, కులం సర్టిఫికెట్, కరెంటు బిల్లు అన్నీ కంప్యూటర్లో! మన బతుకంతా దాంట్లోకి పోయింది. మనల్ని మాత్రం బయట నిలబెట్టినారు.

కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి "ఇది మౌసు, ఇది కీబోర్డు, ఇట్ల తెరవాలి, ఇట్ల మూయాలి" అని మనకు ఎవరన్నా చెప్పినారా? చెప్పలేదు! చెప్పకుండానే "ఆన్‌లైన్‌లో చేసుకోపో" అంటున్నారు. ఇదేం న్యాయం?

రోజూ ఎన్ని దెబ్బలు తింటున్నామో చూడండి!

ఆదోనికి పత్తి తోలే రైతన్నా! 2025 సీజన్ నుంచి సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో పేరు ఎక్కించుకోవాలి. స్లాట్ బుక్ చేసుకోవాలి. ఆ సీజన్‌కు పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర అని ప్రకటించినారు. బాగుంది! కానీ యాప్ తెరవడం రానోడికి ఆ ధర యాడ దొరుకుతుంది? దళారి కాచుకొని ఉన్నాడు. "నీకెందుకన్నా ఈ తలనొప్పి, నాకిచ్చెయ్" అంటాడు. ఏడాదంతా కష్టపడిన పంట. నాలుగు బటన్లు నొక్కడం రానందుకు తక్కువ ధరకు పోవాల్నా?

పత్తికొండలో, ఆలూరులో, పులివెందులలో, జమ్మలమడుగులో వర్షాన్ని నమ్ముకొని సేద్యం చేసే అన్నా! మనకు పంట పోయే ఏళ్లే ఎక్కువ. బీమా రావాలన్నా, పరిహారం రావాలన్నా ఈ-పంట నమోదులో నీ సర్వే నంబరు, నీ పంట సరిగ్గా పడాలి. శనగ వేస్తే శనగ అనే పడిందా? నువ్వు చూసుకున్నావా? పీఎం కిసాన్ డబ్బు ఏడాదికి 6,000, మూడు విడతలు. ఈ-కేవైసీ లేకుంటే విడత ఆగిపోతుంది. ఆగిందని ఎప్పుడు తెలుస్తుంది? పక్కింటాయనకు పడి నీకు పడనప్పుడు!

ఉపాధి పనికి పోయిన అక్కా! 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది మన పక్క జిల్లాలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. అప్పుడు మస్టర్ కాగితం మీద ఉండేది. 2023 జనవరి 1 నుంచి హాజరు ఫోన్‌లోకి పోయింది. రోజుకు రెండు తూర్లు ఫోటో. సిగ్నల్ లేదు, ఫోటో ఎక్కలేదు, హాజరు పడలేదు! 2024 జనవరి 1 నుంచి కూలి డబ్బుకు ఆధార్ లింకు తప్పనిసరి చేసినారు. ఎండలో మట్టి తవ్వింది నువ్వు. నీ హాజరు పడిందా, డబ్బు ఏ బ్యాంకులోకి పోయింది? నీకై నువ్వు చూసుకోగలవా?

కోసిగి, కౌతాళం, మంత్రాలయం, పెద్దకడుబూరు తట్టు నుంచి సుగ్గికి పోయే వాళ్లారా! ఇండ్లకు తాళాలేసి గుంటూరు మిరప చేలకు పోతారు. ఊర్లో ముసలోళ్లు, పిల్లోళ్లు. ఇంటికి డబ్బు పంపాలంటే ఇంకొకరి ఫోను. వచ్చిందో లేదో తెలియాలంటే ఇంకొకరి నోరు. రేషన్ కార్డు వేరే ఊర్లోనూ పనిచేస్తుందని ఎంతమందికి చెప్పినారు?

కడప, రాయచోటి, బద్వేలు తట్టు నుంచి కువైట్‌కు పోయే చెల్లెమ్మా! ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెడతావు. కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఏముందో తెలియకుండానే సంతకం పెడతావు. ఆ ఏజెంటుకు ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఎవరైనా చూడొచ్చు! డబ్బు కట్టక ముందే చూడొచ్చు! ఈ సంగతి తెలియక ఎంతమంది ఆడబిడ్డలు అప్పు చేసి మోసగాళ్ల చేతిలో పోసినారు?

పింఛను అవ్వా, తాతా! మట్టి పని చేసి చేసి వేళ్ల మీద గీతలే అరిగిపోయినాయి. మిషను మీద వేలు పడదు. "ఇంకోసారి పెట్టు, ఇంకోసారి పెట్టు" అంటారు. ఎన్నిసార్లు పెట్టినావో, ఎంత డబ్బు తీసినారో, స్లిప్పులో ఏముందో నీకు ఎవరు చదివి చెబుతారు?

దీనికంతా ఖర్చెవరిది? మనదే! అప్లికేషన్‌కు ఒక లెక్క. నింపినందుకు ఇంకో లెక్క. ప్రింటుకు ఇంకో లెక్క. పొద్దుటి కూలి పాయె. బస్సు చార్జి పాయె. "సర్వర్ డౌన్, రేపు రా" అంటే రేపటి కూలి కూడా పాయె!

దొంగలు కూడా మన తెలియనితనాన్నే పంటగా కోసుకుంటున్నారు. వాట్సాప్‌లో "పీఎం కిసాన్" పేరుతో ఒక ఫైలు వస్తుంది. నొక్కుతాం. ఫోన్ వాళ్ల గుప్పిట్లోకి పోతుంది. "మీ ఖాతా ఆగిపోయింది, ఓటీపీ చెప్పు" అని ఫోన్ వస్తుంది. చెబుతాం. డ్వాక్రా పొదుపు పాయె! "పోలీసులం, వీడియోలోనే అరెస్టు చేసినాం" అని బెదిరిస్తారు. భయపడి పంపుతాం. అప్పా, వీడియో కాల్‌లో అరెస్టు చేసే చట్టం ఈ దేశంలో లేదు! మనకు డబ్బు రావడానికి పిన్ కొట్టే పని లేదు! డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి! ఈ మూడు మాటలు ముందే తెలిసుంటే ఎన్ని ఇండ్లు నిలబడేవి?

తప్పు మనదా?

కాదు! ముమ్మాటికీ కాదు!

2011 జనాభా లెక్కలు చూడండి. ఉమ్మడి కర్నూలు జిల్లాలో చదువొచ్చినోళ్లు నూటికి 60 మంది. ఆడవాళ్లలో నూటికి 50. కడప జిల్లాలో నూటికి 67. కరువుకు, వలసకు బడి మాన్పించిన తరం మనది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏం చెప్పింది? ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఇంటర్నెట్ ఒక్కసారైనా వాడినోళ్లు నూటికి 21 మంది! మగవాళ్లలో దాదాపు 49. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లను ప్రపంచమంతా పంపే రాష్ట్రం మనది. ఆ ఇంజినీర్లను కన్న తల్లులకు మౌసు పట్టుకోవడం నేర్పే దిక్కు లేదు!

నేర్పినామని ఢిల్లీ అంటుంది. 2017లో ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ పెట్టినారు. పల్లెల్లో 6 కోట్ల ఇండ్లు. ఇంటికి ఒకరు. మనిషికి 20 గంటల శిక్షణ. మంజూరు చేసింది 2,351 కోట్లు. 6 కోట్ల 39 లక్షల మందికి నేర్పినామని లెక్క చూపించి 2024 మార్చి 31తో పథకాన్ని మూసేసినారు.

ఇంటికి ఒకరు! ఆ ఒకరు ఎవరు? మన ఇండ్లలో ఆ ఒకరు ఎవరవుతారో మనకు తెలియదా? చదువుకునే కొడుకు! సర్టిఫికెట్ తీసుకొని వాడు బెంగళూరుకు పాయె. ఇంట్లో మిగిలిన అమ్మకు ఎవరు నేర్పాలి? 60 ఏళ్లు దాటినోళ్లకు ఆ పథకంలో చోటే లేదు. పింఛను తీసుకునేది వాళ్లు. వేలు పడక ఏడ్చేది వాళ్లు. వాళ్లకే చోటు లేదు!

పథకం మూసేసినారు. ఆన్‌లైన్ ఆగిందా? ఆగలేదు, పెరిగింది! 2025 జనవరి 30న రాష్ట్రంలో 161 సేవలతో మన మిత్ర వాట్సాప్ గవర్నెన్స్ మొదలుపెట్టినారు. మంచిదే! ఆఫీసు చుట్టూ తిరిగే పని తప్పితే మనకు చేదా? కానీ వాట్సాప్‌లో మెసేజ్ టైపు చేయడం రాని మనిషికి 161 సేవలున్నా ఒకటే, సున్నా ఉన్నా ఒకటే! సేవలు పెట్టే ముందు చదువు పెట్టాల్నా వద్దా?

పెద్దోళ్లకు చదువు రాదా?

వస్తుంది! ఈ నేలకు ఆ సంగతి కొత్త కాదు.

గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1883లో పుట్టింది కర్నూలులోనే. తెల్లోడి జైలుకు పోయి వచ్చిన మనిషి. గ్రంథాలయ ఉద్యమానికీ, వయోజన విద్యకూ జీవితం ధారపోసినాడు. పెద్దోళ్లకు చదువెందుకని ఆయన అనుకోలేదు. పెద్దోళ్లకే ముందు కావాలని తిరిగినాడు.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లను మర్చిపోయినామా? రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్నారు. పాఠం చదివి "మన ఊర్లో ఈ సారా ఎందుకుండాలి?" అని అడిగినారు. 1992లో సారా అంగళ్లు మూయించినారు. అదే మంట రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం పెట్టక తప్పలేదు. అప్పుడు ముఖ్యమంత్రి మన కర్నూలు జిల్లా కోట్ల విజయభాస్కరరెడ్డి. కూలి చేసుకునే ఆడవాళ్లు పలక పట్టుకుంటే ప్రభుత్వం దిగివచ్చింది!

ఓర్వకల్లు చూడండి. మన కర్నూలు పక్కనే. 1990ల్లో రూపాయి రూపాయి పొదుపు చేసిన ఆడవాళ్లు మండల సంఘం కట్టినారు. బడి కూడా పెట్టి నడిపినారు. లెక్కల పుస్తకం రాయడం వాళ్లకు పుట్టుకతో వచ్చిందా? నేర్చుకున్నారు!

ఇంగ కేరళ! 2002లోనే మలప్పురం జిల్లాలో అక్షయ పేరుతో ఇంటికొకరికి కంప్యూటర్ నేర్పడం మొదలుపెట్టినారు. తర్వాత తిరువనంతపురం జిల్లా పుల్లంపార పంచాయతీ ఊరంతా నేర్చుకొని దారి చూపింది. ఆ దారిలోనే రాష్ట్రమంతా వాలంటీర్లు 83 లక్షల ఇండ్ల తలుపు తట్టినారు. రాని వాళ్లను వెతికి దాదాపు 22 లక్షల మందికి నేర్పినారు. 2025 ఆగస్టు 21న రాష్ట్రమంతా డిజిటల్ అక్షరాస్యత సాధించామని ప్రకటించినారు. నేర్చుకున్నోళ్లలో నూరేళ్లు దాటిన పెద్దాయన కూడా ఉన్నాడు! నూరేళ్ల తాతకు వస్తే యాభై ఏళ్ల నీకు రాదా అన్నా?

"నాకు చదువే రాదు, ఇదెట్ల వస్తుంది?" అంటావేమో అక్కా. ఫోన్‌లో మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడు. మాటలు అవే అక్షరాలైతాయి! "కళ్లు కనపడవు" అంటావా పెద్దాయనా? సెట్టింగుల్లో అక్షరం పెద్దది చేసుకోవచ్చు. "చెడిపోతుందేమో, వేల రూపాయల మిషను" అని భయమా? తప్పు బటన్ నొక్కితే కంప్యూటర్ చెడిపోదు. వెనక్కి పోయే బటన్ ఉంది. ఆ భయం పోగొట్టడమే మొదటి పాఠం!

నేర్పే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట!

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పిల్లలారా! జగన్నాథగట్టు ట్రిపుల్ ఐటీడీఎం పిల్లలారా! యోగివేమన, రాయలసీమ యూనివర్సిటీల విద్యార్థులారా! డిగ్రీ కాలేజీల ఎన్ఎస్ఎస్ వాలంటీర్లారా! ఏడాదికి 120 గంటల సేవ మీ నియమంలోనే ఉంది. ఒక తరగతికి 20 గంటలు. లెక్కేయండి! మీలో ఒక్కొక్కరు ఏడాదికి ఆరు జట్లకు నేర్పొచ్చు. గోడలకు సున్నం కొట్టడమేనా సేవ? మీ అమ్మ వయసు మనిషి చేత మౌసు పట్టించడం సేవ కాదా?

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మౌసు మీ చేతిలోకి తీసుకోవద్దు! "ఇటివ్వు పెద్దమ్మా, నేను చేసిస్తా" అనొద్దు. కొడవలి పట్టకుండా కోత వచ్చినోడు ఎవడన్నా ఉన్నాడా? మీ చేతులు వెనక్కి కట్టుకోండి. నోటితో చెప్పండి. ఆమె నొక్కేదాకా ఆగండి. పది తూర్లు అడిగితే పది తూర్లు చెప్పండి. విసుక్కుంటే రేపు ఆమె రాదు.

రామ్, రోమ్, సీపీయూ అని బోర్డు మీద రాసి భయపెట్టొద్దు. మొదటి రోజే ఆమె సొంత పని చేయించండి. కువైట్‌లో ఉన్న కూతురికి వీడియో కాల్ చేయించండి. రైతుతో తన సర్వే నంబరు తానే కొట్టించి, 'మీ భూమి' వెబ్‌సైట్‌లో తన అడంగల్ తెరిపించండి. తెర మీద తన పేరు తానే తెచ్చుకున్న మనిషి రెండో రోజు పిలవకుండానే వస్తాడు. ఏ బటన్ తర్వాత ఏ బటనో తెలుగులో చీటీ రాసి ఇవ్వండి. ఇంటికి పోయి మళ్లీ చేసుకుంటారు. జట్టుకు పది మంది చాలు. ఆడవాళ్లకు వేరే సమయం పెట్టండి, వంట పని అయినాక. మొగోళ్ల ముందు తప్పు చేయడానికి మన ఆడవాళ్లు జంకుతారు. ఆ జంకు మీరు పోగొట్టాలి.

20 గంటల్లో ఏం రావాలి?

కంప్యూటర్ వేయడం, ఆపడం. మౌసు, కీబోర్డు పట్టడం. తెలుగులో టైపు చేయడం, మైకులో చెప్పి రాయించడం.

అడంగల్, 1-బి, ఈ-పంట, పీఎం కిసాన్, ఉపాధి కూలి, రేషన్, పింఛను వివరాలు తనకు తానే చూసుకోవడం. అప్లికేషన్ పెట్టి, నంబరు రాసుకొని, అది యాడిదాకా వచ్చిందో వెతకడం.

కాగితం ఫోటో తీసి పంపడం. ప్రింటు తీయడం. ఈమెయిలు పెట్టడం. బ్యాంకు బ్యాలెన్సు చూడడం, డబ్బు పంపడం.

మోసాన్ని పట్టుకోవడం. తెలియని ఫైలు నొక్కకపోవడం, ఓటీపీ చెప్పకపోవడం, 1930కి ఫోన్ చేయడం. ఆధార్‌తో డబ్బు తీసే మిషనుకు ఓటీపీ అక్కర్లేదు, నంబరూ వేలిముద్రా చాలు. కాబట్టి వేలిముద్రకు లాక్ వేసుకోవడం, అవసరమైనప్పుడు తీసుకోవడం కూడా రావాలి.

ఇంతే! ఇది నేర్చుకుంటే చాలు, మన పని మనం చేసుకుంటాం!

మిషన్లు లేవంటారా? ఉన్నాయి!

2019 అక్టోబర్ 2 నుంచి సచివాలయాలు వచ్చినాయి. అక్కడ కంప్యూటర్ ఉంది. డిజిటల్ అసిస్టెంట్ ఉన్నారు. సాయంత్రమైతే తాళం! హైస్కూళ్లలో నాడు–నేడు కింద పెద్ద పెద్ద తెరలు బిగించినారు. బడి వదిలినాక తాళం! శాఖా గ్రంథాలయం ఉంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నది మనమే. మన పైసలతో నడిచే గ్రంథాలయంలో మనం నేర్చుకోవడానికి ఒక కంప్యూటర్ పెట్టలేరా?

మన డిమాండ్లు ఇవి!

1. ప్రతి సచివాలయంలో సాయంత్రం పూట పెద్దోళ్లకు ఉచిత కంప్యూటర్ తరగతి పెట్టాలి. డిజిటల్ అసిస్టెంట్ల నెత్తిన ఇంకో బరువు వేయడం కాదు, నేర్పేవాళ్లకు వేరే గౌరవ వేతనం ఇవ్వాలి!

2. ఇంటికి ఒకరు కాదు, అడిగిన ప్రతి ఒక్కరికీ నేర్పాలి! 60 దాటినోళ్లకు ముందు వరుసలో కుర్చీ వేయాలి!

3. పెద్దోళ్ల చదువు కోసం పెట్టిన 2022–27 ఉల్లాస్ పథకంలో డిజిటల్ అక్షరాస్యత కూడా ఉంది. అది కాగితం మీద నుంచి మన ఊర్లోకి దిగాలి!

4. శాఖా గ్రంథాలయాల్లో కంప్యూటర్, ఇంటర్నెట్ పెట్టాలి. హైస్కూలు తెరలు సాయంత్రం ఊరికి తెరవాలి!

5. ప్రతి యాప్, ప్రతి అప్లికేషన్ పూర్తిగా తెలుగులో ఉండాలి!

6. అందరూ నేర్చుకునేదాకా కాగితం దారి మూయొద్దు! యాప్‌లో లేడని పంటను, వేలు పడలేదని పింఛనును, ఫోటో ఎక్కలేదని కూలిని ఆపొద్దు!

ప్రభుత్వం చేసేదాకా చేతులు కట్టుకొని కూర్చుందామా?

కూర్చోవద్దు! డ్వాక్రా సంఘం సమావేశంలో ఈ కరపత్రం గట్టిగా చదివి వినిపించండి. నేర్చుకునేవాళ్ల పేర్లు రాయండి. వాడలో ఇంటర్ పాసైన పిల్లను, డిగ్రీ చేసి ఖాళీగా ఉన్న పిల్లోణ్ణి పిలవండి. పాత లాప్‌టాప్ ఉన్నోళ్లు ఇవ్వండి. బెంగళూరులో, హైదరాబాదులో, అమెరికాలో ఉన్న మన ఊరి సాఫ్ట్‌వేర్ బిడ్డలను అడగండి. గుడికి సున్నం, జాతరకు చందా ఇస్తారు కదా, మీ అమ్మలు కూర్చునే తరగతికి ఒక కంప్యూటర్ ఇవ్వరా?

గ్రామసభలో తీర్మానం పెట్టించండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సుకు పదిమందిగా పోండి. ఒక్కరుగా పోతే అర్జీ. ఊరంతా పోతే సమాధానం చెప్పక తప్పదు. రసీదు తీసుకోండి. నేర్చుకున్న ప్రతి మనిషి ఇంకో ఇద్దరికి నేర్పాలి. సుగ్గికి పోయేలోపు ప్రతి ఇంట్లో ఆలుమగలిద్దరికీ డబ్బు పంపడం, చూసుకోవడం రావాలి.

నీళ్ల కోసం కొట్లాడినాం. కరువు భత్యం కోసం కొట్లాడినాం. ఇప్పుడు కంప్యూటర్ చదువు కోసం కూడా కొట్లాడాల. మన భూమి, మన కూలి, మన పింఛను ఇప్పుడు దాంట్లోనే ఉన్నాయి కాబట్టి!

పెద్దోళ్ల కంప్యూటర్ చదువు దయ కాదు, హక్కు!

సాయంత్రం తాళాలు తీయండి, తరగతులు పెట్టండి!

అందరూ నేర్చుకునేదాకా కాగితం దారి మూయొద్దు!

రండి అన్నలారా! రండి అక్కలారా! వచ్చే ఆదివారం సాయంత్రం మీ ఊరి రచ్చబండ కాడ కూర్చోండి. పేర్లు రాయండి. సోమవారమే సచివాలయానికి పోయి ఆ పట్టీ చేతిలో పెట్టి, తరగతి ఏ రోజు మొదలుపెడతారో రాతపూర్వకంగా అడగండి!

మీ తోటి రైతులు, కూలీలు, డ్వాక్రా అక్కచెల్లెళ్లు, విద్యార్థులు

(ఈ కరపత్రం చదివినాక పారేయొద్దు. చదవడం రాని వాళ్లకు చదివి వినిపించి, పక్క ఊరికి పంపండి.)